పొయ్యిదేవుడికి ఈ ఏడు జీళ్ళు లేవు

పన్నెండో నెల, ఎనిమిది. పొద్దున్నే.

ఎనిమిది గింజల జావ కాచాను. అడుగంటలేదు. మంచి శకునం.

వెల్లుల్లి రెబ్బలు ఒలిచి వెనిగర్ జాడీలో వేశాను. ఏడాది చివరి రోజుకి పచ్చలరాయి రంగు తిరుగుతాయి.

పొయ్యి పైన గోడకి అంటించిన కాగితం పటానికి అగరొత్తి వెలిగించాను. పొయ్యిదేవుడు, పక్కన ఆయన భార్య. ఏడాది పొగకి ఇద్దరూ నల్లబడ్డారు. ఇంట్లో ఎవరేం అన్నారో, ఏం చేశారో అంతా చూస్తూ కూర్చుని, ఈ నెల ఇరవై మూడున పైకి వెళ్ళి ఆకాశ చక్రవర్తికి చెప్తాడు. వెళ్ళేముందు ఆయన మూతికి జీళ్ళు పూస్తాం. మొలకల పాకం సాగదీసి చేసినవి. మూతి అంటుకుపోతే చెప్పలేడు. ఒకవేళ తెరుచుకున్నా తీపి మాటే బయటికొస్తుంది.

యాభై ఆరేళ్ళుగా చూస్తున్నాను. ఈ పొద్దున జావ తిప్పుతుంటే తట్టింది. ఇది లంచం!

నిశ్చయం: ఈ ఏడు జీళ్ళు లేవు. శుభ్రంగా బతికినవాళ్ళకి ఒకరి మూతి అంటించాల్సిన పనేముంది?

ఇరవై మూడు దాకా:
అబద్ధం ఆడను.
ఎవర్నీ తిట్టను.
మనిషి లేనప్పుడు ఆ మనిషి మాట ఎత్తను.
మెతుకు పారేయను.

ఏడాదిలో మిగతా నెలలు ఆయన మర్చిపోయే ఉంటాడు. పెద్ద వయసు.

జావ తాగుతుంటే తమ్ముడు బావోతియన్‌కి చెప్పాను. చెంచా కింద పెట్టాడు.

"జీళ్ళు లేకుండానా పెద్దక్కా?"

"లేకుండానే."

"ఒక్కటైనా?"

"తినేది నువ్వా, ఆయనా?"

"ఎప్పుడూ నేనేగా."

అదీ నిజమే. నవ్వొచ్చింది. మనసు తేలిగ్గా ఉంది.

తొమ్మిది.

తిట్టలేదు. అబద్ధం లేదు. చాలా సులువు!

మధ్యాహ్నం బావోతియన్ దుకాణం మూసి వచ్చాడు. వాడిది బ్యాటరీ బళ్ళు బాగుచేసే పని. నలభై అయిదేళ్ళొచ్చాయి, పెళ్ళి లేదు. వాడూ నేనూ ఈ ఇల్లూ. నేను పెళ్ళయిన రెండో ఏటే తిరిగొచ్చేశాను. ఆ సంగతి అంతే.

వంటగది గుమ్మంలో నిలబడి టోపీ నలిపాడు.

"పెద్దక్కా, ఒకావిడ ఉంది."

"ఉండనీ."

"అలా కాదు. నాకు... మాట్లాడుకున్నాం. ఇరవై మూడున మనింటికొస్తానంది. వచ్చి చూసి, అప్పుడు చెప్తానంది."

కళ్ళు చెమ్మగిల్లాయి. మనసులో పటానికి దణ్ణం పెట్టుకున్నాను. ఎవరమ్మాయిరా అన్నాను.

"హావ్ రున్‌మెయ్. మొగుడు పోయి ఆరేళ్ళయింది. బజార్లో ఉంటుంది."

"ఏం చేస్తుంది?"

టోపీ ఇంకా నలిపాడు.

"జీళ్ళు."

పది.

నేను చెప్పింది బావోతియన్‌కి, చూ బామ్మకి మాత్రమే. చూ బామ్మ గోడ అవతల ఉంటుంది. ఆమె మా చెల్లెలు గుయ్‌రోంగ్‌కి చెప్పింది. గుయ్‌రోంగ్ సందువాళ్ళ ఫోన్ గ్రూపులో పెట్టింది: "మా అక్క ఈ ఏడు దేవుడికి లంచం ఇవ్వదు. మీరు?"

పొద్దుగూకేసరికి సందంతా పుణ్యాత్ములైపోయారు. ఎవరింట్లోనూ జీళ్ళు లేవట.

సంతోషం కలగాలి. కలగలేదు.

పదకొండు.

బావోతియన్ అన్నం ముట్టలేదు.

"మన సందు మొత్తంలో రున్‌మెయ్ దగ్గర ఒక్కరు కొనలేదు. ఎవరు మొదలెట్టారో ఆమెకి తెలిసిపోయింది."

"ఏమంది?"

"మా జీళ్ళు వద్దన్న పొయ్యి దగ్గర నేనెలా వండుతానూ అంది. ఇరవై మూడున వస్తుందట. పొయ్యి మీద జీళ్ళుంటే సరే. లేకపోతే టీ తాగి వెళ్ళిపోతుందట."

"దేవుడికి మాటిచ్చానురా."

"నేనూ ఇచ్చాను, ఆమెకి. నా దేవుడు బజార్లో కూర్చుంది పెద్దక్కా, చేతులు పగిలిపోయి ఉంటాయి చలికి."

వాడి నోటి వెంట ఇంత మంచి మాట ఎప్పుడూ వినలేదు. జపమాల తిప్పుకుంటూ కూర్చున్నాను.

నిశ్చయం నిశ్చయమే. ఇంకా రోజులున్నాయి. ఆయనే ఏదో దారి చూపిస్తాడు.

పన్నెండు.

దారి చూపించాడు, వేరే దానికి.

లేచి చూస్తే అన్నం తినే బల్ల మీద జిడ్డు కారుతున్న బండి బ్యాటరీ. నా కొత్త గుడ్డ మీద! నోటిదాకా వచ్చింది. తలెత్తాను. ఆయన చూస్తున్నాడు.

బావోతియన్ చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కెళ్ళాను. మోకాలి లోతు మంచు. అక్కడ నెమ్మదిగా, పూర్తిగా తిట్టాను.

వాడు వణుకుతూ విన్నాడు. "లోపలే తిట్టొచ్చుగా పెద్దక్కా?"

"ఆయన చెవి వంటగది గడప దాటదు."

"నువ్వు తిట్టేదే ఏడాదికి నాలుగు మాటలు. ఆ నాలుగింటికీ నేను మంచులో నిలబడాలా?"

"చెప్పులు వేసుకుని రా, ఈసారి."

గోడ మీంచి చూ బామ్మ తల కనబడింది. అంతా విన్నట్టుంది.

ఇది నియమం తప్పడం కాదు. నియమం వంటగదికి.

పదమూడు.

సందులో నడవడానికి చోటు లేదు. అందరూ బయటే పోట్లాడుకుంటున్నారు. చూ బామ్మ, ఆమె కోడలు గేటు ముందు. ఎదురింటి మొగుడూ పెళ్ళాలు చెట్టు కింద, దుప్పట్లు కప్పుకుని. మాటలతో పాటు నోట్లోంచి ఆవిర్లు.

వంటగదులు మాత్రం గుళ్ళలా ఉన్నాయి. అందరూ అక్కడ "తమరు ఉప్పు అందిస్తారా" అని మాట్లాడుకుంటున్నారట.

సందులో సగం మందికి జలుబు.

చూ బామ్మ తుమ్ముతూ అంది: "షూచిన్, నీ భక్తి చల్లగుండ! నా కోడల్ని మూడేళ్ళ నుంచి అనాలనుకున్నవన్నీ ఇవాళ అనేశాను. దేవుడికి తెలీదు, నాకు తెలుసు, దానికి తెలుసు. ఇంతకంటే ఏం కావాలి?"

పద్నాలుగు.

గుయ్‌రోంగ్ వచ్చింది. చెల్లెలు కదా, తలుపు తట్టదు.

"అక్కా, ఒక సందేహం. మీ వంటగదిలో పొగ లాగే ఫ్యాను ఉందిగా. దాని గొట్టం వాకిట్లోకి తెరుచుకుంటుంది. నువ్వు వాకిట్లో తిడితే గొట్టం ద్వారా ఆయనకి వినపడదా?"

వెంటనే లేచి గొట్టం చూసొచ్చాను.

బావోతియన్‌ని అడిగాం. ఎంతైనా యంత్రాలు తెలిసినవాడు. "ఫ్యాను తిరుగుతుంటే గాలి లోపల్నుంచి బయటికే పోతుంది, లోపలికి రాదు" అన్నాడు. మంచులో నిలబెట్టి తిట్టాక వాడు నాతో మాట్లాడిన పొడుగైన మాట అదే.

కాబట్టి ఇకనుంచి తిట్టేటప్పుడు ఫ్యాను వెయ్యాలి.

పదిహేను. పున్నమి.

ఉపవాసం. మూడు అగరొత్తులు. ప్రశాంతంగా ఉంది.

సాయంత్రం చూ బామ్మ ఇంట్లో కుడుములు పెట్టింది. ఉపవాసం విడిచి తిన్నాను. పిండి రాయిలా ఉంది. ఎలా ఉన్నాయి అని అడిగింది.

బాగున్నాయి అన్నాను.

అబద్ధం! గడపలో ఆగిపోయాను. తర్వాత ఆలోచించాను. అది నా వంటగది కాదు. చూ బామ్మ పొయ్యిదేవుడు చూ బామ్మ ఇంటివాళ్ళ లెక్క రాస్తాడు. చుట్టానిది ఆయనకెందుకు? నా దేవుడు అక్కడ లేడు.

అంటే ఎక్కడా లెక్కకి రాలేదు.

మంచిది. పరాయి వంటగదిలో మనిషి దారం తెగిన గాలిపటం.

పదహారు.

ఆ మాట చూ బామ్మతో అనకుండా ఉండాల్సింది.

ఇప్పుడు సందులో ఆడవాళ్ళంతా ఒకరి వంటగదిలోకి ఒకరు చేరి మాట్లాడుకుంటున్నారు. ఎవరూ సొంత పొయ్యి దగ్గర లేరు. మా వంటగదిలో పొద్దున్నుంచి ఏడుగురు. నేను చూ బామ్మ ఇంట్లో. మా ఇంట్లో టీ పెట్టేవాళ్ళు లేక గుయ్‌రోంగ్ నన్ను పిలుచుకొచ్చింది.

చలి తగ్గింది, జలుబులు తగ్గాయి. వాకిళ్ళు ఖాళీ.

పదిహేడు. పడుకునే ముందు.

రాయడానికి చెయ్యి రావడం లేదు.

మధ్యాహ్నం మా వంటగదిలోనే, మా పటం కింద, గుయ్‌రోంగ్ అంది: "బావోతియన్ చేసుకుంటానన్న ఆవిడ మొలకల పాకమే వాడదట. బజారు చక్కెర కలుపుతుందట. అంత తెల్లగా ఎలా వస్తాయి మరి?"

అందరూ నా వైపు చూశారు. నా చేతిలో కేటిల్ ఉంది. నాలుగు కప్పులు పొయ్యాలి. ఆ మాట అక్కడితో తెగిపోవాలనిపించింది.

"కావచ్చు" అన్నాను.

ఒక్క మాట. వాళ్ళంతా చుట్టాలు. నేను మాత్రం ఇంటిదాన్ని.

ఫ్యాను కూడా వెయ్యలేదు.

పద్దెనిమిది.

బావోతియన్ దుప్పటి చుట్టుకుని దుకాణానికి వెళ్ళిపోయాడు. అక్కడే పడుకుంటాడట.

"ఆమెని అందరూ అన్నారంటే పట్టించుకునేవాణ్ణి కాదు. నువ్వన్నావట."

"కావచ్చు అన్నాను, అంతేరా."

"నువ్వు ఎప్పుడూ ఏమీ అనవు పెద్దక్కా! అందుకే నువ్వు కావచ్చంటే ఊరంతా అయ్యిందనుకుంటుంది."

గేటు వేసి వెళ్ళాడు. నెమ్మదిగానే వేశాడు. గట్టిగా వేసినా బాగుండేది.

ఇంకో చిక్కు. రోజూ వత్తి వెలిగించడానికి నేను చాలు. ఇరవై మూడున సాగనంపడానికి మాత్రం ఇంటి మగవాడే మొక్కాలి. మా ఇంటి మగవాడు దుకాణంలో టైర్ల మధ్య ఉన్నాడు. వాడు రాకపోతే దేవుడు కదలడు. ఈ ఏటి చిట్టా ఒళ్ళో పెట్టుకుని నా పొయ్యి మీదే ఇంకో ఏడాది కూర్చుంటాడు.

అన్నం మిగిలింది. ఇద్దరికి వండాను అలవాటుగా. పారేయకూడదు. రెండు పూటలదీ తిన్నాను. కడుపు ఉబ్బింది.

పంతొమ్మిది.

బజారుకి వెళ్ళాను. క్షమించమని అడుగుదామని.

రున్‌మెయ్ కొయ్య మేకుకి పాకం తగిలించి లాగుతోంది. గోధుమరంగు పాకం ఒక్కో లాగుకీ తెల్లబడుతోంది. మడత పెట్టి లాగు, మడత పెట్టి లాగు. వెడల్పు మొహం, పగిలిన వేళ్ళు. చక్కెర బస్తా ఎక్కడా లేదు. మొలకెత్తిన బార్లీ తట్ట పక్కనే ఉంది. తెల్లదనం ఆమె భుజాల్లోంచి వస్తోంది.

"పెద్దక్క కదూ" అంది పని ఆపకుండా. "మీరు అన్నది ఒక్క మాటేనట."

"అవును."

"మిగతావాళ్ళు బోలెడు అన్నారు. వాళ్ళవన్నీ తక్కెడలో ఒక పక్క వేస్తే మీదే బరువు తూగింది."

ఏం చెప్పాలో మనసులో కూడదీసుకుంటున్నాను. ఆమె ఒక జీడి విరిచి చేతిలో పెట్టింది.

"ముందు నమలండి. తర్వాత చెప్పండి."

వ్రతం ఇంటి పొయ్యికి. ఇది బజారు. నోట్లో వేసుకున్నాను. విరిగింది, కరకరలాడింది, కరిగింది. చాలా బాగుంది. చిన్నప్పుడు నాన్న పటం మూతికి పూశాక మిగిలింది నా నోట్లో పెట్టిన రుచి.

తర్వాత దవడలు రాలేదు.

పై వరస కట్టుడు పళ్ళు కింది పళ్ళకి అంటుకుపోయాయి. లాగాను. ఊడేట్టున్నాయి గాని విడలేదు. క్షమించమ్మా అనబోయాను. "మ్మ్" అని వచ్చింది.

"ఏంటి?" అంది రున్‌మెయ్.

"మ్మ్మ్."

"చెప్పాల్సింది ఏమైనా ఉందా, లేదా?"

తల అడ్డంగా ఊపాను. తప్పు, నిలువుగా ఊపాల్సింది. నిలువుగా ఊపాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"సరే పెద్దక్కా. ఇంత దూరం వచ్చి ఒక్క మాటా లేదు. అర్థమైంది." మళ్ళీ పాకం వైపు తిరిగింది.

నోటికి శాలువా అడ్డం పెట్టుకుని ఇల్లు చేరాను. దారిలో ముగ్గురు పలకరించారు. ముగ్గురికీ దణ్ణం పెట్టాను.

ఇవాళ అబద్ధం ఆడలేదు. ఎవర్నీ తిట్టలేదు. ఎవరి మాటా ఎత్తలేదు. వ్రతం పూర్తిగా నిలిచిన రోజు ఇదొక్కటే!

ఇరవై.

గుయ్‌రోంగ్ పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వేడి నీళ్ళు పుక్కిలించి పుక్కిలించి చివరికి నోరు తెరుచుకుంది. పళ్ళు మళ్ళీ బిగించారు.

మొదటి మాటగా దేవుణ్ణి తలుచుకుందామనుకున్నాను. డాక్టరు సూది తగిలింది. వేరే మాట వచ్చింది. అది వంటగది కాదు కాబట్టి రాయను.

ఇరవై ఒకటి.

బజార్లో రున్‌మెయ్ దుకాణం ముందు వరస! మా సందు మొత్తం అక్కడే. లంచం వద్దన్నవాళ్ళంతా.

గుయ్‌రోంగ్ ఊరుకుంటుందా? గ్రూపులో పెట్టేసింది: "రున్‌మెయ్ జీడి మా అక్క నోరు రోజంతా మూసేసింది. చక్కెరైతే కరిగిపోయేది. ఇది అసలు మొలకల పాకమే!"

"నువ్వేగా చక్కెర అన్నావు" అన్నాను.

"అప్పుడు తెలీదక్కా. ఇప్పుడు నీ పళ్ళు చెప్పాయి."

చూ బామ్మ పెద్ద పొట్లంతో ఎదురైంది. "షూచిన్ మాట్లాడేదే తక్కువ. ఆ తక్కువని కూడా ఆపిందంటే పొయ్యిదేవుడెంత!" అంది. "అసలే ఈ పది రోజుల్లో నేను చాలా అన్నాను. నా కోడలు అన్నీ వంటగదిలోకి మోసుకొచ్చి మళ్ళీ అప్పగించింది."

అందరి పొయ్యి మీదా జీళ్ళు. మా పొయ్యి మీద లేవు. ఊళ్ళో దేవుళ్ళంతా పైకెళ్ళి నోరు మూసుకుని నిలబడతారు. మా దేవుడొక్కడే గలగలా మాట్లాడతాడు. ఏం చెప్తాడు? "కావచ్చు" సంగతి చెప్తాడు. తమ్ముడు టైర్ల మధ్య పడుకున్న సంగతి చెప్తాడు.

చెప్పనీ. నిజమే కదా.

జపమాల తిప్పుతూ లెక్క తప్పి మళ్ళీ మొదలెట్టాను.

ఇరవై రెండు. చీకటి పడక ముందే రాస్తున్నాను, మళ్ళీ ధైర్యం ఉండదు.

పొద్దున్నే లేచి ఒప్పేసుకున్నాను. వ్రతం వద్దు. తమ్ముడు కావాలి. జీళ్ళు కొనాలి.

బజారుకి వెళ్తే రున్‌మెయ్ బల్ల బోసిగా ఉంది. అన్నీ అమ్ముడుపోయాయి. అంతా నా పళ్ళ చలవ. ఆమె కొత్త పాకం కోసం పల్లెకి వెళ్ళిందట. వేరే దుకాణాల్లో కూడా లేవు. చూ బామ్మని అడగొచ్చు. అడగలేకపోయాను.

నేనే చేద్దామనుకున్నాను. మొలకలు లేవు. చక్కెర ఉంది. జీడి జీడేగా.

(ఆమె చక్కెర కలుపుతుందేమో, కావచ్చు, అన్నది నేనే. రాస్తుంటే ఇప్పుడు తెలుస్తోంది.)

చక్కెర పాకం పట్టాను. పొంగింది. చల్లారింది. రాయైంది! గరిటె మూకుడు మధ్యలో నిటారుగా నిలబడిపోయింది. లాగితే మూకుడు కూడా లేచింది. బల్లకేసి కొట్టాను. బల్ల విరిగింది, గరిటె కాదు.

అప్పుడు నోరు జారింది.

ఒకటి కాదు. మూకుణ్ణి, చక్కెరని, గుయ్‌రోంగ్‌ని, ఆమె ఫోనుని, పళ్ళ డాక్టరుని, బ్యాటరీ బళ్ళు కనిపెట్టినవాణ్ణి. ఆ మాటలు నాకెక్కడ తగులుకున్నాయో తెలియదు. నా పటం ముందు, నా వంటగదిలో, నా సొంత గొంతుతో.

తలెత్తాను. ఆయన అన్నీ విన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి గభాల్న ఆయన ముఖం మీద కప్పాను.

తువ్వాలుకి పాకం అంటి ఉంది.

ఆ చలికి అది అక్కడే బిగుసుకుంది. ప్రార్థించి, నెమ్మదిగా లాగాను. వచ్చింది. ఆయన మూతి కూడా దాంతోపాటే వచ్చింది. మీసం సగం.

పటంలో ఇప్పుడు కళ్ళున్నాయి, చెవులున్నాయి. మూతి ఉన్నచోట గోడ కనబడుతోంది. పక్కన ఆయన భార్య మూతి బాగానే ఉంది. ఆమె మాట్లాడుతుందా? నాకెవరూ చెప్పలేదు.

ఇరవై మూడు.

పొద్దున అంతా పొయ్యి ముందు కూర్చున్నాను. ఏం అడగాలో తెలియక ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం గేటు తెరుచుకుంది. బావోతియన్. గడ్డం పెరిగింది, చెంప మీద టైరు గీతలు.

"దేవుడి కోసం వచ్చాను. నీ కోసం కాదు."

"సరే."

వెనకాల రున్‌మెయ్. తల మీద ఎర్ర శాలువా. "చూస్తానన్నాను, చూడ్డానికి వచ్చాను" అంది.

నేను పక్కకి జరిగాను. చూశారు.

విరిగిన బల్ల. దాని మీద మూకుడు. మూకుడులో నిలబడిన గరిటె. పైన మూతి లేని దేవుడు.

ముందు ఒక చిన్న శబ్దం వినబడింది. రున్‌మెయ్ శాలువా నోట్లో కుక్కుకుంటోంది. తర్వాత ఆపుకోలేక గడప మీద కూలబడి నవ్వింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. మళ్ళీ గరిటె చూసింది, మళ్ళీ నవ్వింది.

"పెద్దక్కా! మేమంతా మూతికి పాకం పూస్తాం. మీరు మూతే పీకేశారు!"

"అనుకోకుండా జరిగింది."

"ఎక్కడుంది అది?"

తువ్వాలు అందించాను. మీసంతో సహా.

ఆమె కోటు జేబులోంచి కాగితం పొట్లం తీసింది. గుమ్మడికాయ ఆకారంలో చిన్న జీడి ఒకటి. "ఇరవై మూడుకి ఇంకొకరి ఇంటికి వట్టి చేతుల్తో ఎలా వస్తాను? మీరు పెట్టకపోయినా నా మర్యాద నాకుంటుంది" అంది. మంట వెలిగించి అంచు మెత్తబరిచింది. తువ్వాలు మీంచి మూతిని గోరుతో ఊడదీసి, వెనకాల జీడి రాసి, పటంలో దాని చోట అద్దింది. కొంచెం వంకర అయింది. దేవుడు ఒక పక్కకి నవ్వుతున్నట్టున్నాడు.

మిగిలింది మూతి మీద పూసింది. గట్టిగా.

అప్పుడు నేను అన్నాను. ఆయన ఇంకా ఇక్కడుండగానే అనాలనిపించింది.

"రున్‌మెయ్, ఆ రోజు కావచ్చు అన్నాను. కాదు అనాల్సింది. మీ పాకం అసలైనది. నా పళ్ళే సాక్ష్యం. బజారుకి వచ్చింది ఈ మాట చెప్పడానికే. నోరు రాలేదు."

ఆమె గోటికంటిన జీడి తుడుచుకుంది. "అందుకా 'మ్మ్' అన్నది?"

"అందుకే."

"నేను ఏడ్చాను ఆ రోజు ఇంటికెళ్ళి" అంది. "ఆ తల అడ్డంగా ఊపడమేంటి మరి?"

"తప్పు దిక్కు."

బావోతియన్ ముక్కు చీదుకున్నాడు. "ఇంత పొడుగు మాట మా పెద్దక్క నోట్లోంచి నేను పుట్టాక వినలేదు. దేవుడు రాసుకుని ఉంటాడు."

"రాసుకుంటాడు" అంది రున్‌మెయ్. "చెప్పలేడు, పాపం."

బావోతియన్ మోకరిల్లి మూడుసార్లు మొక్కాడు. పటం తీసి వాకిట్లో కాల్చాం, ఆ పొగతోనే ఆయన పైకి వెళ్ళేది. ఆయనెక్కి వెళ్ళే గుర్రానికి గుప్పెడు గడ్డి, గిన్నెడు నీళ్ళు పెట్టాను. కాగితం అంతా కాలిపోయాక కూడా జీడి అంటిన మూతి ఒక్కటే కాసేపు ఎర్రగా నిలిచింది. తర్వాత అదీ పైకి లేచిపోయింది. కాలిన తీపి వాసన.

రున్‌మెయ్ లోపలికెళ్ళి శాలువా తీసి కొక్కేనికి తగిలించింది. మూకుట్లో వేడి నీళ్ళు పోసి, గరిటెతో సహా నానబెట్టింది. టీ తాగింది. వెళ్ళిపోయింది.

బావోతియన్ గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దక్కా, ఏమీ చెప్పలేదు! అవుననలేదు, కాదనలేదు!"

"మూకుడు నానబెట్టింది కదరా."

"అయితే?"

"అంత చక్కెర నానడానికి రేపటిదాకా పడుతుంది."

వాడు మూకుడు వైపు ఓసారి చూశాడు. తర్వాత వెళ్ళి దుకాణం నుంచి దుప్పటి తెచ్చుకున్నాడు.

ఇరవై నాలుగు. బూజు దులిపే రోజు.

రున్‌మెయ్ పొద్దున్నే వచ్చింది. మూకుడు తోమింది. మెరిసింది. గరిటె వంకర పోయింది, అది వంకరగానే ఉంటుంది. ఇద్దరం కలిసి పొయ్యి వెనకాల బూజు దులిపాం. ఆమె పాడుతూ దులుపుతుంది. గొంతు బాలేదు. నేనేమీ అనలేదు.

పొయ్యి పైన గోడ ఖాళీగా ఉంది. ఆయన ఏడాది చివరి రాత్రి తిరిగొస్తాడు. కొత్త పటం తెచ్చి పెట్టెలో దాచాను, చక్కగా మూతి ఉన్నది.

అప్పటిదాకా ఎవరూ చూడరు. సందంతా సొంత వంటగదుల్లో గొంతెత్తి పోట్లాడుకుంటున్నారు. వెచ్చగా.

కొత్త నిశ్చయం! దేవుడు తిరిగొచ్చిన గడియ నుంచి:
అబద్ధం ఆడను.
ఎవర్నీ తిట్టను.
మనిషి లేనప్పుడు ఆ మనిషి మాట ఎత్తను.
కావచ్చు అనను.
జీళ్ళ సంగతి రున్‌మెయ్‌ని అడిగి రాస్తాను.

ఈసారి తప్పకుండా నిలబెడతాను. నమ్మకంగా ఉంది.

ఇప్పుడే వంటగదిలోకి తొంగి చూశాను. అతికించిన బల్ల మీద, కొత్త గుడ్డ మీద, బండి బ్యాటరీ. జిడ్డు కారుతోంది.

గోడ ఖాళీగా ఉంది. ఫ్యాను అక్కర్లేదు. కలం ఇక్కడ పెడుతున్నాను.

ఒరేయ్ బావోతియన్!